కట్టెతో ఇరవై, మౌస్‌తో ఇరవై

ఈ వానాకాలం తేమకి జాయ్‌స్టిక్ పిడి మీది రబ్బరు జిగురైంది. తుడుద్దామని పట్టుకుంటే అరచేతికి అంటుకుంది. వదిలాక చేయి వాసన చూస్తే నొప్పుల మందు. కర్పూరమూ పుదీనా కలిసిన ఆ ఘాటు సామేలు గారి కుడి మణికట్టుది. ఆయన పోయి నేటికి నాలుగు నెలల పదిహేడు రోజులు. ఒక వాసన ఇన్నాళ్లు నిలుస్తుందని నేను అనుకోలేదు. సబ్బునీళ్లలో గుడ్డ ముంచి రెండుసార్లు తుడిచాను. మూడోసారి తుడవబోయి ఆగిపోయాను.

సామేలు గారిని ఎరగనివాళ్లకు ముందు ఆయన పని చెప్పాలి. జహీరాబాద్‌లో మా కాలనీకి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఫ్యాక్టరీలో ఆయన ఇరవై తొమ్మిదేళ్లు క్రేన్ నడిపారు. షెడ్డు కప్పు కింద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పట్టాల మీద తిరిగే క్రేన్ అది. దానికి వేలాడే చిన్న గదిలో కూర్చుని ఇనుప అచ్చులను ఎత్తి యంత్రాల దగ్గర దింపేవారు. కింద రిజిస్టరు రాసే పని నాది. ఎంత బరువు, ఎన్ని గంటలకు లేచింది, ఎన్ని గంటలకు దిగింది, ఆఖరున షరా, అంటే విశేషమేదైనా ఉంటే రాసే గడి. మాది తెనాలి వైపు. మా ఆయన ఉద్యోగానికని ఇక్కడికి వచ్చాం. ఆరు నెలలకు నేనూ అదే ఫ్యాక్టరీలో చేరాను. అప్పటికి నాకు ముప్పై ఒకటి, సామేలు గారికి ముప్పై అయిదు.

చేరిన రెండో వారంలో ఒక అచ్చు దిగిన సమయం పన్నెండూ పది అని రాశాను. నిజానికి ఆ సమయానికి నేను టీ తాగుతున్నాను. షిఫ్టు అయ్యాక సామేలు గారు రిజిస్టరు మీద వేలు పెట్టి, ఇది నువ్వు చూసి రాసినవా అమ్మా అని అడిగారు.  మర్నాడు నన్ను క్రేను గదికి ఎక్కించారు. ఇనుప నిచ్చెనకు ముప్పై నాలుగు మెట్లు. కుచ్చిళ్లు దోపుకుని ఎక్కి, కిందికి చూడకుండా నిలబడ్డాను. ఆయన ముందు రెండు లీవర్లు ఉన్నాయి. ఒక్కోదానికి వేగం పెంచే మెట్లు అయిదు. గొలుసుకు వేలాడే బరువు ఎడమకు ఊగితే క్రేనును కూడా ఎడమకు కొద్దిగా తీసుకెళ్లాలి, అప్పుడు ఊపు దానంతట అదే చచ్చిపోతుంది అని చెప్పారు. నా చేయి లీవరు మీద పెట్టి, పైన తన చేయి వేశారు.

"జర నూకు."

నూకాను. రెండు టన్నుల అచ్చు గోడ గడియారపు లోలకంలా ఊగింది.

"గది జర గాదమ్మా. గది మస్తు."

కింద గొలుసులు తగిలించే మాణయ్య, న్యాల్‌కల్ ఊరి మనిషి, తల పైకెత్తి అరిచాడు. "సామేలన్నా, మేడమ్‌కు లైసెన్స్ ఇచ్చినవా? నేనింటికి పోత."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. దిగేటప్పుడు సామేలు గారు నాకు ఒకే ఒక మాట చెప్పారు. "సూడంది రాయకమ్మా. సూసింది ఇడిసిపెట్టకు." ఆ తర్వాత ఇరవై రెండేళ్లు నేను చూడని అంకె ఒక్కటి కూడా రాయలేదు. అందుకు నాకు చాలా గర్వంగా ఉండేది. ఆయన చెప్పిన దాంట్లో నేను నేర్చుకున్నది మొదటి సగమేనని తెలియడానికి ఆ ఇరవై రెండేళ్లూ పట్టింది.

ఆ ఇరవై రెండో ఏడు క్రేనుకు గది తీసేశారు. దాని బదులు తీగకు వేలాడే బటన్ల పెట్టె వచ్చింది. నడిపే మనిషి నేల మీద నడుస్తూ బటన్ నొక్కితే క్రేను కదులుతుంది, వదిలితే ఆగుతుంది. లీవరులో ఉన్న అయిదు మెట్లు బటన్‌లో లేవు. ఉంటే కదలిక, లేకుంటే ఆగడం. పైకీ కిందికీ సైగలు చేసుకునే సమయం మిగిలింది కనుక ఒక్కో ఎత్తుకు సగటున తొమ్మిది నిమిషాలు పట్టేది ఆరున్నర అయింది. ఆ సగటు కట్టింది నేనే. పైవాళ్లు మెచ్చుకున్నారు. సామేలు గారు మాత్రం సాయంత్రం షిఫ్టు దిగుతూ నా బల్ల దగ్గర నిలబడేవారు. బటన్ ఇడిసినంక కూడ జరసేపు ఉరుకుతుందమ్మా, ఊపును పట్టుకోనిస్తలేదు అనేవారు. బటన్లు వచ్చిన మూడు నెలల్లో అలా పదకొండు సాయంత్రాలు అన్నారు. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టాను గనుక ఈ అంకె సరైనది. షరా గడిలో పని ఆగితేనే రాయాలని నియమం. పని ఆగలేదు. నేను రాయలేదు.

మూడో నెలాఖరున ఒక గురువారం మధ్యాహ్నం మూడూ పన్నెండుకు అచ్చు ఊగి, మాణయ్యను స్తంభానికి నొక్కేసింది; ప్రాణం అక్కడే పోయింది. సామేలు గారు అప్పటికే బటన్ వదిలి ఉన్నారు, లేదా వదలబోతున్నారు. నేను చూసింది మాణయ్యను. సామేలు గారి బొటనవేలిని చూడలేదు. సమయం మాత్రం రాశాను.

విచారణకు ముగ్గురు వచ్చారు. గత మూడు నెలల్లో బటన్ల మీద ఫిర్యాదు ఏమైనా రిజిస్టరులో ఉందా అని నన్ను అడిగారు. పేజీలు తిప్పాను. "షరా గడి ఖాళీగా ఉందండీ" అన్నాను. అంతకన్నా ఎవరూ అడగలేదు, అడగనిది నేను చెప్పలేదు. నడిపినవాడి అజాగ్రత్త అని తేల్చి, రిటైరు కావడానికి ఒక్క ఏడాది ఉందనగా ఆయన్ను తీసేశారు. గేటు దగ్గర నాకోసం ఆగి, "నువ్వు అబద్ధం జెప్పలేదమ్మా. ఉన్నది సదివినవ్" అన్నారు. పద్దెనిమిదేళ్లుగా ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. నిందో ఓదార్పో ఇప్పటికీ తేలలేదు.

మాణయ్య అంత్యక్రియలకు సామేలు గారు వెళ్లినప్పుడు అతని భార్య నర్సమ్మ ఆయన్ను అడిగిందట, అన్నా నీ చెయ్యి జారిందా అని. ఆయన జవాబు చెప్పలేక వచ్చేశారు. "నాకే ఎరుక లేదు, ఏమని జెప్పాలె" అని ఏళ్ల తర్వాత నాతో అన్నారు. న్యాల్‌కల్ ఇక్కడికి దూరమేమీ కాదు. ఆయన మళ్లీ ఆ వైపు వెళ్లలేదు.

రెండేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది కానీ కుడిచేతికి వణుకు మిగిలింది. కూతురు ఎస్తేరు ఒక దవాఖానలో నర్సు. చేతికి కసరత్తుగా ఉంటుందని ఎవరో వాడేసిన జాయ్‌స్టిక్ తెచ్చి, ఇంట్లో కంప్యూటరులో విమానం నడిపే ఆట పెట్టింది. ఆయన దాన్ని కట్టె అనేవారు. నేను నాలుగింటికి వెళ్లేసరికి మణికట్టుకు మందు రాసుకుని తెర ముందు ఉండేవారు. పక్కగాలికి విమానం ఒరిగితే ఆయన భుజమూ ఒరిగేది. కట్టెను వేలి చివరతో కదిపి, "జర" అని తనకు తానే చెప్పుకునేవారు. క్రేను గది పోయాక ఆ మాట ఆయన నోట అలా వినడం నాకు అదే మొదటిసారి.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం పెడుతూ ఎస్తేరు, కట్టె షోకుకే నాన్నా, మౌస్ తోటి ఎవరైనా దింపుతరు అని నవ్విందట. మర్నాడు ఆయన నన్ను నోటుబుక్కు తెమ్మని కబురు పెట్టారు.

"రాయాలె అమ్మా. కట్టెతోని ఇరవైసార్లు దింపుత, మౌస్, బటన్లతోని ఇరవైసార్లు. గదే రన్‌వే, గదే గాలి. కట్టె గెలిస్తే తప్పు బటన్లది. మౌస్ గెలిస్తే నా చెయ్యిది. ఏది వస్తే గది పోయి నర్సమ్మకు జెప్పొస్త."

"ఇది ఆట కదండీ, సామేలు గారూ."

"ఆటనే. మరి క్రేన్ ఎక్కిస్తవా నన్ను?"

రోజుకు అయిదు చొప్పున ఎనిమిది రోజులు పట్టింది. గీతలు గీసి, ఆఖరున షరా గడి కూడా వేశాను. మొదటి నాలుగు రోజులు కట్టె. ఆయన చేతి వణుకు ఎంత ఉంటే రెక్కల వణుకు అంత. నేల తాకే సమయానికి ఒక రెక్క ముందు తగిలి విమానం దొర్లేది. మూడో రోజు వరుసగా నాలుగుసార్లు దొర్లింది. ఆయన మందు ఇంకొంచెం రాసుకున్నారు. తర్వాతి నాలుగు రోజులు వేగానికి కీబోర్డు మీద రెండు బటన్లు, దారి చూపడానికి మౌస్. విమానం తిన్నగా వచ్చి కూర్చునేది. మౌస్ పట్టుకున్న చేయీ అంతే వణుకుతోంది. విమానం మాత్రం వణకడం లేదు. అది నేను చూశాను. దిగిందా లేదా అన్నదే లెక్క కనుక షరా గడిలో రాయలేదు.

కట్టెతో ఇరవైకి తొమ్మిది. మౌస్‌తో ఇరవైకి పదిహేడు. కూడిక వేసేటప్పుడు ఆ రెండు అంకెలూ తారుమారు చేయవచ్చని నాకు తోచింది. చేయలేదు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని నోటుబుక్కు చాలాసేపు చూశారు. "నువ్వు తప్పు రాయవని ఎరుకనే. అందుకే నిన్ను పిలిసిన" అన్నారు.

మర్నాడు పొద్దున ఒక్కరే బస్సెక్కి న్యాల్‌కల్ వెళ్లారు. సాయంత్రం నేను వెళ్లేసరికి అలసటగా మంచం మీద ఉన్నారు. జెప్పొచ్చిన అన్నారు, అంతే. ఆ రోజు కంప్యూటరు తెరవలేదు, తర్వాతా తెరవలేదు. పన్నెండో రోజు రెండోసారి పక్షవాతం వచ్చి పోయారు.

నెల దాటాక ఎస్తేరు జాయ్‌స్టిక్‌ను సంచిలో పెట్టి నాకిచ్చింది. అది నీ దగ్గరే ఉండాలంది. మీరిద్దరు కూసోని ఎనిమిది రోజులు రాసిందేందో నాకు జెప్పనే లేదు ఆంటీ అని అడిగింది. అంతా చెప్పాను. విన్నాక ఆమె మంచం అంచున కూర్చుంది.

"నన్నడిగితే చెప్తుంటి గద ఆంటీ. మౌస్ పెడితే సగం ఆటనే నడుపుతది. యాడికి పోవాలెనో చూపిస్తె సాలు, రెక్కలు అదే సక్కగ చేస్కుంటది. కట్టె పెడితే ఆ సాయం బంద్."

ఫ్యాక్టరీ బటన్ల పెట్టెలో అటువంటి సాయం ఏదీ లేదు. ఆ గురువారం నాటికి సామేలు గారి చేతికి వణుకూ లేదు. మా నలభై వరుసలు ఆ రోజు గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేవు. నేను పోల్చింది కట్టెనూ మౌస్‌నూ కాదు. జబ్బుపడ్డ ఒక మనిషి చేతిని, తనను తాను దిద్దుకునే ఒక యంత్రంతో పోల్చాను. ఆ లెక్కను నమ్మి ఆయన న్యాల్‌కల్ వెళ్లారు.

నాలుగు రోజులకు నేనూ వెళ్లాను. నర్సమ్మ ఇంటి ముందు కందులు చెరుగుతోంది. పదకొండు సాయంత్రాల బటన్ల మాట, ఖాళీ గడి, ఆట, మౌస్, అన్నీ వరుసగా చెప్పాను. ఆమె చేట ఆపకుండా విన్నది. నా మాటలు అయిపోయాక ఆపింది.

"ఆయనొచ్చి నా చెయ్యే అన్నడు. పద్దెనిమిదేండ్లు గా మాట కోసమే సూసిన. ఇద్దరం ఏడ్సినం. మాఫ్ జేసిన. ఇంత బువ్వ పెడితే తిని పోయిండు. ఇప్పుడు నువ్వొచ్చి ఆయనది కాదంటివి. మరి నేనెవర్ని మాఫ్ జెయ్యాలమ్మా?"

జవాబు నాకు తెలుసు. ఒక్క మాట. ఎవరినైనా ఏ అంకె అడిగినా తడుముకోకుండా చెప్పే నా నోట అది రాలేదు. బస్సుకు టైమైందని లేచాను. బస్సుకు ఇంకా నలభై నిమిషాలు ఉంది.

తిరిగి వస్తూ నోటుబుక్కు తీశాను. మౌస్ వరుసలు ఇరవైకీ షరా గడిలో "చేయి వణికింది, విమానం వణకలేదు" అని ఇరవైసార్లు రాశాను. మొత్తాల కింద ఇంకో వరుస గీసి నర్సమ్మ అడిగిన మాట ఉన్నదున్నట్టు రాసి, దాని ఎదుటి గడిలో నా పేరు రాశాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోయాయి. రాసి మూడు నెలలు దాటింది. రాస్తే సరిపోతుందనుకున్నాను.

ఇవాళ అరచేతికి అంటిన మందు వాసన ఇంకా పోలేదు. న్యాల్‌కల్ బస్సు పొద్దున ఎనిమిదీ పదికి. రేపు ఎక్కుతాను.