వినకుండా చూసిన సినిమాలు

ఈ మధ్య వస్తున్న సినిమాల మీద నాకున్న మొదటి ఫిర్యాదు గడ్డాలు. హీరోకు గడ్డం, విలన్‌కు గడ్డం, హీరో తమ్ముడికి గడ్డం, ఆఖరికి పోలీసాయనకు కూడా గడ్డమే. మొన్నీమధ్య చూసిన సినిమాలోనైతే మీసం కిందికి దిగి పై పెదవిని పూర్తిగా మింగేసింది. రెండున్నర గంటలు కూర్చున్నాను గాని ఎవడు ఎవణ్ని ఎందుకు నరుకుతున్నాడో నాకు తెలియలేదు. మరునాడు కార్ఖానాలో పక్కన పనిచేసే ఆయన "ఎట్లున్నది సినిమా?" అని అడిగితే "బేకార్" అన్నాను. ఆయన అదే మాట ఇంకో నలుగురికి చెప్పాడు. సినిమాల సంగతి నాకు బాగా తెలుసని బొంబాయి పక్కన మేం బతుకుతెరువుకొచ్చిన నార్పోలిలో మావాళ్లందరికీ ఒక నమ్మకం.

అసలు సంగతి ఏమిటంటే నాకు మాట వినపడదు. చెవులు మొత్తానికి పోలేదు. లారీ హారన్ వినపడుతుంది, కుక్కర్ విజిల్ వినపడుతుంది. మనిషి మాట మాత్రం గోడ అవతల ఎవరో గొణిగినట్టు ఉంటుంది. ఇరవై ఆరేళ్లు సాంచల మధ్య నిలబడ్డాను మరి. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. గైబీ నగర్‌లో మా షెడ్డులో నలభై సాంచలు ఒకేసారి నడుస్తాయి. ఆ మోతలో అరిచినా లాభం లేదు కాబట్టి ఎవరూ అరవరు. పెదవులు కదిలిస్తాం, చెయ్యి ఊపుతాం. పోగు తెగింది, పడుగు బీము అయిపోయింది, చాయ్ వచ్చింది, సేఠ్ వస్తున్నాడు, అన్నీ ఎదుటివాడి పెదవులు చూసే తెలుసుకుంటాం. కొత్తగా చేరినవాడికి ఆరు నెలల్లో ఆ విద్య పట్టుబడుతుంది. చెవులు పోవడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది. ఒకటి పోతుంటే రెండోది దాని పని అందుకుంది. అందుకే నావి ఎప్పుడు పోయాయో నాకే తెలియలేదు.

తెలిసినాక కూడా ఎవరికీ చెప్పలేదు. చెవిటోడు అనిపించుకోవడం నాకు చావుతో సమానం. ఎదురుగా నిలబడితే ఎవరితోనైనా మామూలుగానే మాట్లాడతాను. వెనక నుంచి ఎవరో ఏదో అన్నట్టు అనిపిస్తే "ఊఁ" అంటాను. లోకంలో చాలా మాటలకు ఊఁ సరిపోతుంది. అట్లా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాను, బాగానే నెట్టుకొచ్చానని కూడా అనుకున్నాను.

నా భార్య పోయి రెండేళ్లు దాటింది. రొమ్ములో గడ్డ. మేం ఆసుపత్రికి తీసుకుపోయేసరికి చంకలోకి పాకింది. "ఓ ఆరు నెలల ముందు వస్తే బాగుండేది" అన్నది డాక్టరమ్మ. ఆరు నెలల ముందు మాకు తెలిస్తే కదా. పగలంతా కూర్చుని నూలు కండెలు చుట్టేది, ఇంటికొచ్చి వండేది, ఒక్కనాడు పడుకోలేదు. నా కూతురు అప్పటి నుంచి రెండు మూడు నెలలకోసారి నన్ను ఒకటే మాట అడుగుతుంది. "బాపు, అమ్మ నీకు చెప్పిందా? ఎప్పుడన్న?"

"చెప్పలె బిడ్డా" అంటాను.

అది నిజం. నాకు తెలిసినంత వరకు నిజం. ఆ "తెలిసినంత వరకు" అన్న దగ్గర మాత్రం నా ప్రాణం గిలగిలలాడేది. చెప్పిందేమో, నాకే వినపడలేదేమో. తను చెప్పకుండా దాచుకున్నదంటే బాధే గాని బతకొచ్చు. చెప్పినా నేను వినలేదంటే ఎట్లా బతకాలో నాకు తెలియదు. ఆ అనుమానం కూతురితో అనలేదు, ఎవరితోనూ అనలేదు.

నా చెవుల సంగతి ఇంట్లో బయటపెట్టింది టీవీ. నా కూతురు మరాఠీ బడిలో చదువుకుంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. ఇప్పుడు పక్కనే ఉన్న పూర్ణలో ఒక గోదాములో డబ్బాల మీద స్కానర్ పెట్టే పని చేస్తుంది. సాంచలకు శుక్రవారం సెలవు కాబట్టి తనూ వారపు సెలవు శుక్రవారానికే అడిగి పెట్టించుకుంది. ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు తిని హిందీ ఛానల్‌లో తెలుగు సినిమా చూస్తాం. మాటలు హిందీలోకి మార్చి వేస్తారు కదా, ఆమె ఆ హిందీ వింటుంది. నేను మనవాళ్ల పెదవుల మీద తెలుగు చూస్తాను. మా ఒంటిగది ఖోలీలో పక్కపక్కన కూర్చుని ఇద్దరం రెండు వేరే సినిమాలు చూస్తున్నామని చాలాకాలం మాకు తెలియదు.

తల్లి పోయిన ఏడాది ఒక సినిమాలో హీరో తండ్రి ముందు నిలబడి ఏదో అంటున్నాడు. నా కూతురు కళ్లు తుడుచుకుంటుంది. నాకు నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వుతున్నవ్ బాపు?"

"నీ మొఖం మళ్ల చూడ అని తండ్రిని తిడుతుంటే నువ్వు ఏడుస్తవేందే?"

"తిడుతలేడు. మీ ఆశీర్వాద్ ఉంటె చాలు అంటున్నడు." అని నా మొఖంలోకి చూసింది. "తెలుగు ఆవాజ్ ఎక్కడుంది బాపు ఇండ్ల? పూరా హిందీ ఉంది కదా."

తర్వాత రిమోట్ తీసుకుని ఆవాజ్ మొత్తం తీసేసింది. "ఇప్పుడు చెప్పు, ఏమంటున్నరు?" అన్నది. నేను చెప్పుకుంటూ పోయాను. పది నిమిషాలు చూసి నా చెవి దగ్గర చెయ్యి పెట్టి ఊరుకుంది. ఎన్నేళ్ల నుంచి అని అడగలేదు. అప్పటి నుంచి నాతో మాట్లాడాలంటే లేచి ముందుకొచ్చి కూర్చుంటుంది.

ఆ రోజు నుంచి మాకు సినిమా అంటే ఇదొక ఆట. అందుకే నా అభిప్రాయాలు ఇట్లా ఉంటాయి. బొంబాయి నుంచి తెచ్చిన హీరోయిన్లు నాకు అస్సలు నచ్చరు. మొన్నొకామె చావు సీన్‌లో గుండెలు బాదుకుని ఏడుస్తుంది, పెదవుల మీద చూస్తే అంకెలు లెక్కపెడుతుంది. సీరియళ్లను అందరూ తిడతారు గాని నేను తిట్టను. మొఖాలు టీవీ నిండా పెడతారు, మెల్లగా మాట్లాడతారు, ఒకే మాటకు మూడుసార్లు ఒకే మొఖం చూపిస్తారు. నాలాంటోళ్ల కోసం తీసినట్టే ఉంటాయి. వార్తల ఛానల్లో ఎనిమిది మంది ఒకేసారి అరుస్తారు, అది చూస్తే మా షెడ్డే నయం, కనీసం బట్ట బయటికొస్తుంది.

ఆ మధ్య నేతగాళ్ల మీద తీశామని ఒక సినిమా వచ్చింది. మావాళ్లంతా గొప్పగా చెప్పుకుంటే చూశాను. వెనక సాంచలు నడుస్తున్నాయి, ముందు హీరో హీరోయిన్ చెవిలో గుసగుసలాడుతున్నాడు, ఆమె విని సిగ్గుపడుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తీసినాయన ఒక్కపూట షెడ్డులో నిలబడి ఉంటే ఆ సీన్ తీసేవాడు కాదు.

ఇంకొకటి, సినిమాల్లో భార్యలు చనిపోయే తీరు. మంచం మీద పడుకుని మొగుడి చెయ్యి పట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడతారు. పిల్లలు జాగ్రత్త అంటారు, నీతో బతికిన బతుకు చాలు అంటారు. నా భార్య ఆఖరి వారం పెదవులు ఎండిపోయి పడుకుంది. నేను ఆ పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట కదల్లేదు. అసొంటి సీన్లు వచ్చినప్పుడు నేను ఛానల్ మార్చేస్తాను.

పోయిన శుక్రవారం నా కూతురు సినిమా పెట్టలేదు. ఫోన్‌ను టీవీకి కలిపి, "ఇయ్యాల పెండ్లి వీడియో చూద్దాం బాపు" అన్నది. నా మరదలి కొడుకు పెళ్లిది. ఆ పెళ్లికి నాకు, నా కూతురికి సెలవు దొరకలేదు, నా భార్య ఒక్కతే ఊరికి పోయి నాలుగు రోజులుండి వచ్చింది. ఆసుపత్రికి పోవడానికి ఏడు నెలల ముందు సంగతి అది. తల్లి నడుస్తూ, మాట్లాడుతూ ఉన్న వీడియో మా దగ్గర ఒక్కటీ లేదని నా కూతురు చిన్నమ్మను అడిగి తెప్పించుకుందట.

మా దిక్కు పెళ్లి వీడియోలకు మాటలుండవు. మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు అతికిస్తారు. అయ్యగారి మంత్రాల మీద పాట, అప్పగింతల ఏడుపు మీద పాట. పైనుంచి డ్రోన్‌తో ఊరు మొత్తం తీశాడు, పెళ్లికొడుకు నడుస్తుంటే మెల్లగా గాల్లో తేలుతున్నట్టు చేశాడు. అదంతా నాకు నచ్చలేదు. కాని మనుషులు మాత్రం ఎంత బాగున్నారని. మాట వినపడదన్న ధైర్యంతో ఎవరికి తోచింది వాళ్లు అంటున్నారు. ఒకాయన మటన్‌లో ముక్కలు లేవంటున్నాడు. పెళ్లికొడుకు మేనత్త దండం పెడుతూనే ఎవరినో తిడుతుంది. నేను ఒక్కొక్కటి చెబుతుంటే నా కూతురు నవ్వుతుంది. ఈ మధ్య నేను చూసినవాటిలో మంచి సినిమా ఇదే అన్నాను.

అప్పుడామె వీడియోను ముందుకు జరిపింది. ఎక్కడ ఆపాలో ముందే తెలిసినట్టు సరిగ్గా ఆపింది.

"ఇక్కడ చూడు. అమ్మ ఏమంటుంది?"

భోజనాల దగ్గర సీన్. కెమెరా ఒక చిన్నపిల్లను తీస్తుంది, ఆ పిల్ల వెనక నా భార్య, నా అత్త పక్కపక్కన కూర్చుని ఉన్నారు. అత్త కూడా ఇప్పుడు లేదు, బిడ్డ పోయిన మూడు నెలలకే పోయింది. నా భార్య అన్నం కలుపుతుంది గాని తినడం లేదు. అత్త ఆమె వైపు తిరిగి ఏదో అడిగింది. నా భార్య ముందు తల అడ్డంగా ఊపింది. తర్వాత ఎడమ చెయ్యి కొంగు కిందికి పోనిచ్చి రొమ్ము దగ్గర పెట్టుకుంది. పెదవులు కదిలాయి.

"ఆయనకు చెప్పిన. రెండుసార్లు చెప్పిన, లైటు తీసినంక. ఊఁ అన్నడు." కొద్దిసేపు విస్తరి వైపు చూసింది. "మళ్ల చెప్పబుద్ధి కాలె."

కెమెరా పెరుగు వడ్డించే ఆయన వైపు తిరిగిపోయింది.

"మళ్ల పెట్టు" అన్నాను. పెట్టింది. ఇంకోసారి పెట్టమన్నాను. ప, బ, మ పెదవుల మీద మూడూ ఒకటే, ఈ విద్యలో మోసపోవడానికి చాలా సందులున్నాయి. ఒక్క సందు దొరికినా చాలని మూడుసార్లు చూశాను. దొరకలేదు.

మాది ఒకటే ఖోలీ. ఎదిగిన కూతురు ఆ గోడ పక్కన, మేం ఈ గోడ పక్కన. రొమ్ములో గడ్డ తగులుతుందని ఏ ఆడమనిషైనా లైటు వెలుగులో చెప్పుకోగలదా? లైటు తీసినాక చెప్పింది పాపం. లైటు తీసినాక నాకు పెదవులు కనపడవు. ఏదో గొణిగినట్టు అనిపించి ఉంటుంది, రోజూ అన్నట్టే ఊఁ అని గోడ వైపు తిరిగి ఉంటాను. ఏ రాత్రో కూడా నాకు గుర్తు లేదు. ఆమె మాత్రం నేను విన్నాననే అనుకుంది. విని కూడా పట్టించుకోలేదనే అనుకుంటూ చచ్చిపోయింది. పాతికేళ్లు కాపురం చేసిన మనిషి దగ్గర చెవుడు దాచిపెట్టిన నా సిగ్గు మీద నాకే అసహ్యం వేసింది.

"ఏమంటుంది బాపు?" నా కూతురు లేచి వచ్చి నా ముందు కూర్చుంది.

అన్నంలో ఉప్పు తక్కువైందట అని చెప్పొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరకొచ్చింది కూడా. టీవీలో వాళ్లు ఏం మాట్లాడినా ఈ పిల్లకు నేను చెప్పిందే లెక్క, నన్ను కాదనేవాళ్లు ఎవరూ లేరు. కాని అక్కడ మాట్లాడుతున్నది నా భార్య. ఒకసారి ఆమె మాట నేల పాలు చేశాను, రెండోసారి చెయ్యలేకపోయాను. ఆమె అన్నది అన్నట్టు, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. చెప్పినాక తల వంచుకున్నాను. నా బిడ్డ నన్ను తిట్టినా ఆ తిట్టు చూసే ధైర్యం నాకు లేదు.

ఆమె నా గడ్డం కింద చెయ్యి పెట్టి తల పైకెత్తింది. ఏడుపు లేదు, కోపం లేదు. పెదవులు బాగా కదిలిస్తూ, నాకు అర్థమయ్యేటట్టు మెల్లగా చెప్పింది.

"నాకు గూడ చెప్పింది బాపు."

"ఎప్పుడు?"

"ఈ పెండ్లికి పోక ముందు. నేను ఫోన్‌ల సిరీస్ చూస్తున్న, చెవుల ఇయర్‌ఫోన్లు ఉండె. అమ్మ వచ్చి ముందట నిలవడ్డది. ఇట్లనే చెయ్యి పెట్టుకొని ఏందో అన్నది. లాస్ట్ ఎపిసోడ్ అమ్మా, ఏక్ మినిట్ అన్న. పోయింది."

"నువ్వు మళ్ల అడుగలేదా?"

"మర్చిపోయిన."

ఎవరో టీవీలో ఇంకా పెరుగు వడ్డిస్తూనే ఉన్నారు. నేను లేచి కట్టేశాను.

"మరి రెండేండ్ల సంది నన్నెందుకు అడుగుతున్నవ్ బిడ్డా, అమ్మ చెప్పిందా, చెప్పిందా అని?"

"నువ్వు 'చెప్పింది' అంటవేమో అని" అన్నది. "గట్లంటె, ఇననిది నేనొక్కదాన్నే కాదు గద అని."