బార్ ఉన్న సైకిల్

మా ఆవిడకి సైకిల్ తొక్కడం వచ్చన్న సంగతి రాయపూర్‌లో నేనెవరికీ చెప్పలేదు. ఖరగ్‌పూర్‌లో వాళ్ళ నాన్నగారు రైలు డ్రైవరు. అక్కడి రైల్వే మైదానంలో నేర్చుకుని, పెళ్ళయ్యేదాకా స్కూలుకీ బజారుకీ సైకిల్ మీదే తిరిగిందట. పెళ్ళయిన కొత్తలో ఆ మాట ఎంతో మురిపెంగా చెప్పింది. నేను నవ్వి ఊరుకున్నాను. రాయపూర్ వచ్చి గుఢియారీ పేటలో కాపురం పెట్టాక ఆ ఊసు మళ్ళీ ఎత్తనివ్వలేదు.

ఎనభైల మొదట్లో తను జంతికలు, చేగోడీలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. ముందు ఇరుగుపొరుగుకి, తర్వాత రైలు గేటు అవతల స్టేషన్ వైపున్న మూడు దుకాణాలకి. ఖాళీ నూనె డబ్బాల్లో నింపి పంపేది. అంత పెద్ద డబ్బా అయినా జంతికలతో నిండితే చంటిపిల్లంత బరువుండదు. కాని జాగా పట్టేది, కుదిపితే విరిగేవి. రోజూ రిక్షా అంటే మిగిలేదేమీ లేదు. అందుకని సామాను మోసే సైకిలొకటి చవగ్గా కొనాలనుకున్నాం. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాని. పొద్దున్న వెళ్తే సాయంత్రమే రావడం. డబ్బాలు చేరాల్సింది పగటిపూట. ఆ సైకిల్ ఎవరు నడపాలో ఇద్దరికీ తెలుసు. పైకి అనలేదంతే.

ఓ ఆదివారం, పాత సైకిళ్ళు బాగుచేసి అమ్మే మిస్త్రీ దగ్గరికి బయల్దేరాం. తను రెండు ఖాళీ డబ్బాలు చంకన పెట్టుకుంది.

"అవెందుకే, నవ్వుతారు," అన్నాను.

"చెప్పులు కొనడానికెళ్తే కాళ్ళు ఇంట్లో వదిలీసి వెళ్తారేటి?" అంది.

కొట్లో ఉన్న ప్రతి సైకిల్ కేరియర్ మీదా ఆ డబ్బాలు పెట్టి చూసింది. చివరికి ఒకదాని దగ్గర ఆగింది. ఎవరో టీచరమ్మ వాడి అమ్మేసిన లేడీస్ సైకిల్ అది. రంగు పోయింది గానీ, వెనక బ్రెడ్డు అమ్మేవాళ్ళు పెట్టుకునే వెడల్పాటి కేరియర్ మిస్త్రీ బిగించి ఉంచాడు. డబ్బాలు రెండూ దానిమీద పక్కపక్కనే కుదురుగా కూర్చున్నాయి. ధర కూడా అన్నిటికన్నా తక్కువ. తను హ్యాండిల్ మీద చెయ్యి వేసి బెల్లు ఒక్కసారి మోగించింది.

"అది బరువు ఆగదు. పాలవాళ్ళ సైకిల్ తీసుకుందాం. సీటు ముందు అడ్డంగా బార్ ఉంటేనే ఫ్రేముకి బలం," అన్నాను.

మిస్త్రీ నవ్వాడు. "బాబూజీ, మురుకూ ఢోనా హై యా లోహా?" మోయాల్సింది జంతికలా, ఇనుమా అని.

పాలవాళ్ళ సైకిల్‌కి సీటు ఇంకో నాలుగు వేళ్ళు లేపమన్నాను. మిస్త్రీ నా కాళ్ళకేసి చూశాడు, నా మొహంకేసి చూశాడు, లేపాడు. మా ఆవిడ తన డబ్బాలు తను తీసుకుంది.

ఇన్నేళ్ళ తర్వాత దాచుకోవడమెందుకు? ఆ బార్ బలానికి కాదు. చీర కట్టుకున్న మనిషి దానిమీంచి కాలు వెయ్యలేదు. నాకు కావలసింది అదే. గుమాస్తా గారి భార్య సైకిలెక్కి జంతికలమ్ముకుంటోందని ఆఫీసులో అనుకుంటారని నా భయం. ఆవిడ సంపాదన వద్దనలేదు, ఆవిడ కనపడకుండా ఉంటే చాలనుకున్నాను. అందుకోసం ఎక్కువ డబ్బు కూడా పోశాను.

ఆ తర్వాత రెండేళ్ళు తను ఆ సైకిల్‌ని నడిపించుకుంటూ తిరిగింది. డబ్బాలు కట్టి, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి డబ్బా మీద. మధ్యలో ఓ ఆఫీసు క్యాంటీను వాళ్ళు రోజూ పదకొండు గంటల లోపల నాలుగు డబ్బాలు తెమ్మన్నారు. అది దక్కితే ఇంట్లోకి పెద్ద గ్రైండరు కొనాలని తన ఆశ. నడిచి వెళ్తే దుకాణాలకి ఇచ్చి అక్కడికి చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. కుదరదని చెప్పేసి వచ్చింది. "ఉన్నది చాల్లే," అన్నాను నేను, ఓదార్పులాగా.

ఓ వానాకాలం రోజు, ఒంట్లో జ్వరంగా ఉంటే ఆఫీసు నుంచి ముందే బయల్దేరాను. గేటు దాటి గుఢియారీ వైపు వచ్చేసరికి వాన పెరిగింది. టీ కొట్టు చూరు కింద నిలబడ్డాను. ఇంతలో గూడ్సు వస్తోందని గేటు వేశారు. ఆగిన జనంలో మా ఆవిడ కనపడింది. డబ్బాల మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, తను తడుస్తోంది.

పక్కనే కూరగాయల గంపతో ఉన్నావిడ అడిగింది. "కా బహినీ, సైకిల్ ల ఘుమాయ్ బర్ లానే హస్ కా?" ఏం చెల్లీ, సైకిల్‌ని షికారుకి తీసుకొచ్చావా అని.

"సాహబ్ కా ఘోడా హై దీదీ, మై తో బస్ టహలాతీ హూఁ," అంది మా ఆవిడ.

దొరగారి గుర్రం, నేను తిప్పుతానంతే! గేటు దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు. తనూ నవ్వింది. గేటు లేచింది. అందరూ సైకిళ్ళెక్కి పోయారు. తను పట్టాల మధ్య చక్రం ఇరుక్కుంటే ఆగి, జారుతున్న డబ్బాని మోకాలితో అదిమిపెట్టి, నెమ్మదిగా దాటింది. గొడుగు నా చేతిలోనే ఉంది. నా కాలు ముందుకు పడలేదు. అన్నిటికన్నా నన్ను ఇప్పటికీ తొలిచేది అదే.

జ్వరం తగ్గాక మిస్త్రీ దగ్గరికి వెళ్ళాను. అలాంటి లేడీస్ సైకిల్ మళ్ళీ దొరకడానికి నెల పట్టింది. దాన్ని నడిపించుకుంటూ వస్తుంటే ఆఫీసు స్నేహితుడు ఎదురయ్యాడు.

"ఎవరికి గురూ?"

"మా ఆవిడకి. తనకి తొక్కడం వచ్చు."

"అవునా! మా ఆవిడకి కాస్త నేర్పమను. రిక్షాలకి పెట్టలేక చస్తున్నా," అని వెళ్ళిపోయాడు. ఇంతేనా అనిపించింది. దీనికా రెండేళ్ళు?

ఇంటికొచ్చి, పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చిన మనిషికి అంతా చెప్పాను. బార్ సంగతి, గేటు దగ్గర గొడుగు సంగతి కూడా.

"బార్ సంగతి నాకు తెల్దేటి?" అంది. "మీ కాళ్ళకే అందనంత ఎత్తు సీటు పెట్టించినప్పుడే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్పుదురు. ఉన్నదాన్ని తోసుకెళ్ళడమే కష్టంగా ఉండీది."

గొడుగు గురించి ఏమీ అనలేదు. చేతులు కడుక్కొచ్చి, కొంగు దోపి సైకిలెక్కింది. రెండుసార్లు తూలి, మూడోసారి వీధి చివరిదాకా వెళ్ళి, అక్కర లేకపోయినా బెల్లు కొట్టుకుంటూ వెనక్కి వచ్చింది. క్యాంటీను వాళ్ళు అప్పటికే వేరేవాళ్ళని పెట్టుకున్నారు. ఆ గ్రైండరు ఇంకో మూడేళ్ళకి గానీ రాలేదు.

పాలవాళ్ళ సైకిల్ మీద నేను ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాను. సీటు దించమంటారా అని మిస్త్రీ అడిగితే వద్దన్నాను. గేటు పడ్డప్పుడల్లా మునివేళ్ళ మీద నిలబడి, ఓ పక్కకి ఒరిగి, పిక్కలు లాగుతుంటే రైలు కోసం చూసేవాణ్ణి. అలా ఉండటమే న్యాయమనిపించేది. "దించుకోండీ, కొంగలా ఉన్నారు," అని తను ఎన్నిసార్లు నవ్విందో.

ఓ సోమవారం పొద్దున్న సైకిలెక్కితే ఏదో తేడాగా తోచింది. ముందురోజు మధ్యాహ్నం నేను నిద్రపోతున్నప్పుడు, తను ఆ బార్ సైకిల్‌ని మరోసారి, ఈసారి మిస్త్రీ కొట్టుదాకా, నడిపించుకెళ్ళిందన్నమాట. లోపలికి చూశాను. జంతికల గిద్దలు నొక్కుతోంది, తలెత్తలేదు.

గేటు పడింది. రెండు పాదాలూ నేల మీద ఆన్చి నిలబడ్డాను.