బాపు వదులుకున్న శుక్రవారాలు

మొన్న చౌటుప్పల్‌లో మేముండే వీధిలోకి పరుపులు ఏకే బండి వచ్చింది. మనవరాలు అటక మీది పాత పరుపు దింపించి వాకిట్లో వేయించింది. యంత్రం తిరగడం మొదలైందో లేదో, తెల్లటి నూగు లేచి గడప దాకా వచ్చింది. పిల్లలకు అది ఆట. నేను మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకోవయ్యా అని ఆ బండి మనిషిని కసిరాను. ముసలిదాని చాదస్తం అనుకుని ఉంటాడు, అనుకోనీ.

మా బాపు నల్లగొండ దగ్గర పత్తి మిల్లులో, గింజ నుంచి దూది వేరుచేసే యంత్రం దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి కనుబొమ్మలు, మీసాలు తెల్లబడి పండు ముసలిలా కనిపించేవాడు, నేను మీ తాతనని మమ్మల్ని నవ్వించేవాడు. అమ్మ గడపలోనే బెల్లం ముక్క చేతిలో పెట్టేది. బెల్లం తింటే గొంతులో పట్టిన దూది కిందికి జారుతుందని మిల్లువాళ్లందరి నమ్మకం. అందులో సగం నా నోట్లోకే వచ్చేది.

నిజాం రోజులు చూసిన నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సెలవు శుక్రవారం. ఆ రోజంతా ఇంట్లో హాయిగా తిరిగిన మనిషికి శనివారం పనిలో దిగగానే ఛాతీ పట్టేసేది, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది, మళ్లీ రెండు మూడు రోజుల్లో సర్దుకునేది. మిల్లులో అందరికీ ఇంతే కనుక ఎవరూ భయపడలేదు. పనిలో ఉంటే ఒళ్లు బాగుంటుంది, కూర్చుంటేనే చెడుతుంది అని వాళ్లకు వాళ్లే తేల్చుకున్నారు.

రజాకార్ల ఆగడాలు ముదిరి మిల్లుకు తాళం పడ్డాక, మేం పాలమూరు వైపు మేనమామ ఊరు వెళ్లిపోయాం. ఊళ్లన్నీ బిక్కుబిక్కుమంటున్న ఆ కాలంలో నేను సంతోషంగా ఉన్నానని చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ, నా తండ్రి నాకు దక్కింది అప్పుడే. దగ్గు పోయింది. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలుతూ ఆయన వేసే కేక ఊళ్లోకి వినిపించేది, నన్ను భుజాన ఎక్కించుకుని ఎక్కడా ఆగకుండా గుట్ట ఎక్కేవాడు. ఇక్కడే ఉండిపో బావా, చెలక సాగు కలిసి చేసుకుందామని మామ అడిగాడు. అమ్మకూ అదే కోరిక.

పోలీసు చర్య జరిగి, మిల్లు తెరుస్తున్నారని కబురు రాగానే బాపు ఆగలేదు, మమ్మల్ని వెంటబెట్టుకుని తిరిగి వచ్చేశాడు. పనిలో దిగిన మొదటి రోజే ఆయన్ను ఇద్దరు మనుషులు పట్టుకుని ఇంటికి తెచ్చారు. ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చున్న మనిషిని, మామ ఊరికి తిరిగిపోదామని అమ్మ ఏడుస్తూ బతిమాలింది.

"ఇన్ని దినాలు ఖాళీ కూసున్న గద, గందుకే గిట్లయింది. పని మీద పడితే గదే సర్దుకుంటది, నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడు.

ఆ నమ్మకంతోనే శుక్రవారం సెలవు కూడా మానేశాడు. సెలవునాడు యంత్రాల కింద పేరుకున్న దుమ్ము ఊడ్చే పనిని తనే అడిగి తీసుకున్నాడు. ఒంటికి మంచిదని! అమ్మ బెల్లం ముక్క పెద్దది చేసింది. అంతకంటే ఏం చేయగలదు పాపం?

దవాఖానలో డాక్టరు సాబు ఆ పని ఇక వద్దన్నప్పటికే ఆలస్యమైపోయింది. బాపు పడుకోలేక కూర్చునే నిద్రపోయేవాడు. ఒక పొద్దున నన్ను పిలిచి, "మీ మామ చేన్ల పిట్టలు పడ్డయేమో బిడ్డా, జర కేకెయ్యి," అన్నాడు. ఏ చేనూ లేని మా వాకిట్లో నిలబడి నేను గొంతు చించుకుని కేక వేస్తుంటే, ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఆ వారం దాటలేదు.

దూది దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుందని, సెలవురోజు ఊపిరి తేరుకుంటుందని, మర్నాటి ఆ పట్టు ఒళ్లు పెట్టే మొర అని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. ఆ శుక్రవారాలే బాపును అంతకాలం నిలబెట్టాయన్నమాట. ఇప్పుడు మిల్లు జాగాలో ఫ్లాట్లు లేచాయి, సెలవు ఆదివారానికి మారింది, శనివారం ఛాతీ పట్టేదని చెబితే నమ్మేవాళ్లు కూడా లేరు.

పరుపు పని ముగిసి బండి కదులుతుంటే, ఆ మనిషి చేతిలో బెల్లం ముక్క పెట్టాను. దాంతో ఏమీ కాదని తెలిసే పెట్టాను. రేపు ఆదివారం కదా, ఇంటి పట్టున ఉంటావా అని అడిగాను.

"మాకు సెలవెక్కడిది అవ్వా," అని నవ్వాడు. ఆ కనుబొమ్మలు తెల్లగా ఉన్నాయి.