తలారి రొట్టె

ఫ్రాన్సులోని ల త్రెపోర్ రేవులో రొట్టెల కొట్టు సొలాంజ్ నోటికి ఎవరూ ఎదురు నిలిచేవారు కాదు. కానీ ఆ నవల వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు నోరు పెగల్లేదు. అందులో హంతకుడు కుంటివాడు, రేవు పక్కన రొట్టెలు కాల్చేవాడు. చనిపోయిన ఆమె భర్త ఫెర్నాన్ కూడా కుంటివాడే, అక్కడే రొట్టెలు కాల్చేవాడే. "నిప్పు లేనిదే పొగ రాదు" అని ఊరు గుసగుసలాడింది. ఇప్పుడు ఆ నవల సినిమా అయింది.

హాల్లో చేపలమ్మే ఇవెత్ పక్కనే కూర్చుంది. సొలాంజ్ తెరకేసి చూస్తోంది. హంతకుడు కుంటుకుంటూ ఇంటికొచ్చి, నెత్తుటి చేతులు కడుక్కుని, రొట్టెను బల్ల మీద బోర్లా పెట్టాడు.

హాలంతా ఉలిక్కిపడింది. వెనకటికి తలలు నరికే తలారికి ఇవ్వాల్సిన రొట్టెను అలా బోర్లించి విడిగా ఉంచేవారు; అందుకే బోర్లా పెట్టిన రొట్టె తలారి వాటా, ఆ ఇంటికి అరిష్టం. ఆ ఊళ్ళో పసిపిల్లలు కూడా ఆ పని చెయ్యరు.

"చూశావుటే సొలాంజ్!" ఇవెత్ మోచేత్తో పొడిచింది. "ఓసారి పొరపాటున రొట్టె బోర్లా పెట్టానని మీ ఆయన నన్ను కొట్లోంచి గెంటేశాడు, గుర్తుందా? వీడు ఫెర్నాన్ ఏవిటే, వీడి మొహం!"

"మరి వీడు ఆయనేనని ఇన్నేళ్లూ ఊరంతా చాటింది నువ్వు కాదుటే?"

"సర్లేవే, పొరపాటయింది. ఇంతకీ ఆ నటుడికి ఇలా పెట్టమని ఏ బుద్ధిలేనిది నేర్పిందో!"

సొలాంజ్ చాలాకాలానికి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"నేనే. రొట్టె ఎలా పెట్టాలని మా కొట్టుకొచ్చి మరీ అడిగాడు, పాపం."