గుయ్యిమన్న మోటరు, సోమనర్సయ్య చెవి

గార్ల రైల్వే స్టేషన్ నుంచి ఊళ్లోకి వచ్చే రోడ్డు పక్కన సోమనర్సయ్య మోటర్ వైండింగ్ దుకాణం ఉంది. బోర్డు మీది అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. అయినా ఎవరూ దారి తప్పరు, వార్నిష్ వాసన పట్టుకుని వచ్చేస్తారు. కాలిపోయిన మోటర్లలోంచి మాడిన రాగి తీగ ఊడబీకి, కొత్త తీగతో కాయిళ్లు కూర్చి, మళ్లీ నడిపించడం ముప్పై ఏళ్లుగా ఆయన పని.

వైండింగ్ చేసేవాళ్లు జిల్లాలో బోలెడుమంది. ఈయనకు పేరొచ్చింది మాత్రం చెవి వల్ల. మిగతా మెకానిక్కులు స్క్రూడ్రైవర్ మొన మోటరుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వింటారు. అదంతా పని నేర్చుకునేవాళ్ల వ్యవహారమని సోమనర్సయ్య కొట్టిపారేసేవాడు. నాలుగడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. మోటరు వేయించేవాడు, ఆపించేవాడు. కరెంటు తీయగానే చప్పుడు పోతే తప్పు కాయిల్‌లో ఉన్నట్టు. మోటరు తిరగడం ఆగేదాకా గరగరలాడితే బేరింగ్‌లో ఉన్నట్టు. మూత విప్పకముందే చెప్పేసేవాడు, విప్పి చూస్తే అదే ఉండేది. ఆ నిలబడటంలో కాస్త పోజు ఉండేదన్న మాట కూడా నిజమే.

దుకాణం వెనకే ఇల్లు. చెక్క అచ్చు మీద తీగ చుట్టి కాయిళ్లు తయారుచేసేది ఆయన భార్య గట్టమ్మ. ఒక్కో చుట్టుకు పైకే లెక్కపెట్టడం ఆమె అలవాటు. ఏడాదిగా ఆ లెక్క వీధి చివరికి వినబడేంత పెరిగింది. పైగా దుకాణానికి ఎవరొచ్చి ఏం చెప్పినా మధ్యలో దూరి అదే మాట అరిచి అడిగేది. ఈమెకు నోరు పెద్దదైందని వాడకట్టంతా నవ్వుకుంది. సోమనర్సయ్యకేమో ఆమె ఎప్పటిలాగే మాట్లాడుతున్నట్టు ఉండేది. జనానికి పనిలేక ఆడిపోసుకుంటున్నారనుకున్నాడు.

ఆ ఏడు దసరా దాటాక ముసురు పట్టింది. ఆ వానల్లోనే మిర్చి రైతు ఐలేశ్ మోటరు కాలింది. సోమనర్సయ్య వైండింగ్ చేసిచ్చాడు. నాలుగు రోజులకే గుయ్యిమంటోందని ఐలేశ్ వెనక్కి తెచ్చాడు. ఏం లేదని సోమనర్సయ్య పంపేశాడు. ముసురు విడిచి ఎండకాస్తున్న బుధవారం నాడు ఐలేశ్ మళ్లీ వచ్చాడు.

"అన్నా, గిది ఇంకా గుయ్యిమంటుందే."

లోపలి నుంచి గట్టమ్మ అందుకుంది. "ఏందీ, ఇంకా గుయ్యిమంటుందా ఐలేశూ?"

సోమనర్సయ్య మోటరు వేయించి, నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. "సల్లగ నడుస్తుంది గదరా. సప్పుడెక్కడిది?"

ఐలేశ్ తెల్లబోయి గొంతు పెంచాడు. "రోడ్డు మీద పోయేటోళ్లు గూడ ఆగి సూస్తున్నరే! నా మిర్చి పూత మీదున్నది, గిది కాలితె తోట ఆగమైతది. ఆదివారం దాకా సూస్త. కాకుంటె మహబూబాబాద్ తీస్కపోయి ఇంకోనితోని ఇప్పిస్త."

సోమనర్సయ్య చేసిన మోటరును ఇంతవరకూ ఇంకొకడు విప్పలేదు. విప్పితే ముప్పై ఏళ్ల పేరు ఆ పూటతో సరి. ఐలేశ్ మోటరు అక్కడే వదిలి వెళ్లాడు.

మధ్యాహ్నం గట్టమ్మ గిన్నెలు తోముకుంటుండగా ఒక్కడే వెళ్లి మోటరు వేశాడు. ఏమీ వినబడలేదు. చెయ్యి వేసి చూస్తే మాత్రం మోటరు ఒళ్లంతా వణుకుతోంది. ఎవరైనా చూస్తున్నారేమోనని దొంగలా అటూ ఇటూ చూసి, స్క్రూడ్రైవర్ తీసి, మొన మోటరుకు ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు నొక్కి పెట్టాడు.

గుయ్య్ మంటూ తలంతా మోగింది.

కుర్చీలో కూలబడ్డాడు. నిజం చెప్పిన ఐలేశ్‌ను తరిమేసినందుకు సిగ్గేసింది. కాసేపటికి ఆయనలోని మెకానిక్ లేచాడు. ఎముక గుండా వినబడుతోంది, గాలి గుండా వినబడటం లేదు. అంటే లోపలి కాయిల్ బాగానే ఉంది, సప్లయి దారిలోనే ఏదో అడ్డం పడింది. తన చెవి రిపేరు తానే కనిపెట్టినందుకు అంత దిగులులోనూ ఆయనకు నవ్వొచ్చింది.

మర్నాడు తీగ తెస్తానని గట్టమ్మకు చెప్పి మహబూబాబాద్ రైలెక్కాడు. దవాఖానలో డాక్టరమ్మ పద్మలత చెవుల్లోకి లైటు వేసి చూసింది. "గులిమి, దుమ్ము కలిసి రాయి లెక్కయినయి. లోపల నరం మంచిగనే ఉన్నట్టుంది."

"ఎరుకే అమ్మా, స్క్రూడ్రైవర్ పెట్టి సూసుకున్న."

ఆమె నవ్వు ఆపుకోలేక పిచికారీ పక్కన పెట్టింది. గంట తర్వాత ఆయన బయటికొచ్చేసరికి ఆటోల హారన్లు, తన చెప్పుల టపటపలు, ఎవరో బఠాణీలు నమిలే చప్పుడు, అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. ఆయనకు పెళ్లికి వచ్చినంత సంబరంగా ఉంది.

గార్లలో దిగి వీధి మొదట్లోకి రాగానే "నలభై ఏడూ! నలభై ఎనిమిదీ!" అని గట్టమ్మ కేక వినబడింది. అక్కడే నిలబడిపోయాడు. వాడకట్టు వాళ్లు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఇంట్లోకి వచ్చినా చెవి సంగతి చెప్పలేదు. సాయంత్రం కంచం పెడుతూ గట్టమ్మ తనలో తాను గొణుక్కుంది. "ఈయనకు ఇనవడుత లేదని జనానికి ఎరుకైతే ఎట్ల? నా గొంతు గూడ పోయెటట్టున్నది."

వచ్చినవాళ్ల ప్రతి మాటా ఆమె ఎందుకు అరిచి అడిగేదో ఆయనకు అప్పుడు తెలిసింది.

శుక్రవారం మోటరు విప్పాడు. తీగను గాడుల్లో బిగించే వెదురు బద్దలు కదులుతున్నాయి. వాటిని పట్టి ఉంచే వార్నిష్ ముసురులో ఆరలేదు, ఆరకముందే బిగించి ఇచ్చేశాడు. చెవి సరిగ్గా ఉండుంటే ఆ రోజే పట్టుకునేవాడు. బద్దలు మార్చి, వార్నిష్ పోసి, రెండు రోజులు మంచి ఎండలో పెట్టాడు.

ఆదివారం ఐలేశ్ వచ్చాడు. మోటరు మెత్తగా నడిచింది. సోమనర్సయ్య అందరూ చూస్తుండగానే స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు.

"తప్పు నాదేరా. వార్నిష్ ఆరలే. నా చెవులు మూస్కపోయినయి, నీ మాట ఇనలే."

"గట్లనా అన్నా? గిప్పుడైతె సప్పుడే లేదు."

"ఏందీ, సప్పుడే లేదా ఐలేశూ?" లోపలి నుంచి గట్టమ్మ అరిచింది.

సోమనర్సయ్య గడప దగ్గరికి వెళ్లాడు. "ఇనవడ్డది గట్టమ్మా. మొన్న కంచం కాడ అన్నది గూడ ఇనవడ్డది. ఇగ అరవకు."

ఆమె చేతిలో తీగ ఆగిపోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, "ఎంత సేసినవయ్యా" అంటూ నవ్వేసింది. మళ్లీ అచ్చు తిప్పడం మొదలుపెట్టి, ఏడాది తర్వాత మొదటిసారి మెల్లగా లెక్కపెట్టింది. సోమనర్సయ్య నాలుగడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, వందదాకా విన్నాడు.