చప్పుడు చేయని ప్రింటర్

మెదక్ బస్టాండు వెనక సందులో ఉన్న ప్రింటర్ల షాపు బోర్డు మీద మహమూద్ పేరు ఉంటుంది. పని చేసేది మాత్రం ఆయన భార్య సాబెరా.

మహమూద్ ముప్పై ఏళ్లు అదే షాపులో టైపు మిషన్లు, వాటి కాలం అయిపోయాక ప్రింటర్లు బాగు చేశాడు. ఏడేళ్ల కింద చేతులు వణకడం మొదలైంది. సన్నని స్క్రూ పట్టుకోలేకపోయాడు. దవాఖానలో మందులు రాసిచ్చారు గానీ, పూర్తిగా తగ్గదని కూడా చెప్పారు. అప్పటిదాకా ఇంట్లో బట్టలు కుట్టే సాబెరా వచ్చి ఆయన స్టూలు మీద కూర్చుంది. ఆయన చెప్పేవాడు, ఆమె చేసేది. ప్రింటర్ ఆన్ చేయించి కళ్లు మూసుకుని వినేవాడు మహమూద్. రోలర్ అరిగిందా, లోపల పళ్ల చక్రం విరిగిందా అన్నది చప్పుడును బట్టే తేల్చేవాడు. ఎప్పుడో గాని తప్పేది కాదు.

మొన్న వానాకాలంలో లిడియా మేడం ఫోన్ చేసింది. ఆమె రిటైరైన టీచర్. పాపన్నపేట దగ్గర ఒక ఊళ్లో నాట్లకు పోయే ఆడవాళ్లు పన్నెండు మందికి చదువు చెప్తుంది. పుస్తకాల్లో అక్షరాలు వాళ్లకు ఆనడం లేదని ఇంట్లోనే పెద్ద పెద్దగా ప్రింటు తీసి, షేర్ ఆటోలో తీసుకుపోతుంది. ఆ ప్రింటర్ ఆగిపోయింది. తెర మీద ఫర్మ్‌వేర్ ఎర్రర్ అని పడి, ఏ బటన్ నొక్కినా కదలడం లేదు.

సాబెరా ఆమె ఇంటికి పోయి చూసింది. ప్లగ్గు తీసి, కాసేపు ఆగి మళ్లీ పెట్టింది. తీగ మార్చింది. అదే మాట మళ్లీ తెర మీదికి వచ్చింది.

"మేడం, ఇది ఆగినప్పుడు కరెంటు గిట్ల పోయిందా?" అని అడిగింది.

"లేదమ్మా, కరెంటు ఉండె," అంది లిడియా.

సాబెరా ప్రింటర్‌ను ఆటోలో షాపుకు తెచ్చింది. మహమూద్ ఎప్పటిలాగే ఆన్ చేయమన్నాడు. చెవి దానికి దగ్గరగా పెట్టాడు. లోపల ఏమీ తిరగలేదు. రెండుసార్లు విని, వినడానికి ఇందులో ఏం లేదని ఉర్దూలో చెప్పి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. లోపలి సర్క్యూట్ బోర్డే పోయి ఉంటుంది, కొత్త ప్రింటర్ కొనుక్కోమని చెప్పు అన్నాడు. ఆయన మాట కాదనడం సాబెరాకు అలవాటు లేదు. అయినా ఆ సాయంత్రం లిడియాకు ఆ మాట చెప్పలేదు.

మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి లిడియా మెట్ల దగ్గర నిలబడి ఉంది. లోపలికి వచ్చి కూర్చున్నాక మెల్లగా చెప్పింది.

"నేనే స్విచ్ తీసేసిన సాబెరా. అప్‌డేట్ అని వచ్చి, లైటు ఒకటే కొట్టుకుంటుండె. కాలిపోతదేమోనని భయమైంది. నిన్న చెప్పనీకి సిగ్గనిపించింది."

"చెప్పిండ్రు, మంచిగైంది మేడం. ఏం చెయ్యాల్నో ఇప్పుడు తెలిసింది."

ప్రింటర్‌కు దాని పని చెప్పే ప్రోగ్రాం ఒకటి లోపల ఉంటుంది, ఫర్మ్‌వేర్ అంటే అదే. పాతది చెరిగి కొత్తది ఎక్కుతుండగా సగంలో స్విచ్ తీసేసింది కాబట్టి, అది అటూ ఇటూ కాకుండా ఆగింది. విరిగింది ఏదీ లేదు. కంపెనీ వెబ్‌సైటులో ఆ ప్రోగ్రాం ఫైలు దొరుకుతుంది. అక్కడి సూచనలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. లిడియా ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్తుంటే సాబెరా చేసింది. ప్రింటర్‌ను, ల్యాప్‌టాప్‌ను ఇన్వర్టర్ మీద పెట్టి, రెంటినీ తీగతో కలిపింది. రెండు బటన్లు నొక్కిపట్టి ఆన్ చేసింది. తెర నల్లగా అయింది. అట్లా కావాలనే సూచనల్లో ఉంది.

మొదటిసారి ఫైలు ఎక్కలేదు. ఈ మోడల్‌ది కాదని వచ్చింది. లిడియా ముఖం వాడిపోయింది. సాబెరా ప్రింటర్‌ను తిప్పి వెనక అంటించిన కాగితం చూసింది. ప్రింటర్ ముందువైపు రాసి ఉన్న మోడల్ పేరుకు చివర ఇంకో అక్షరం అక్కడ ఉంది. ఆ పేరుతో వెతికి మళ్లీ మొదలుపెట్టింది.

ఎనిమిది నిమిషాలు పట్టింది. సాబెరా స్విచ్ బోర్డు ముందు నిలబడి ఎవరినీ ఆ దిక్కు రానీయలేదు. మహమూద్ పేపరు చేతిలో పట్టుకున్నాడు గానీ పేజీ తిప్పలేదు. చివరికి ప్రింటర్ దానంతట అదే ఆగి, మళ్లీ లేచింది. తెర మీద తేదీ, సమయం అడిగింది.

లిడియా అక్కడికక్కడే పన్నెండు కాగితాలు ప్రింటు తీసుకుంది. ఇకమీద అప్‌డేట్ అసలే రాకుండా ఆపేయమంది. అక్కర్లేదని, వచ్చినప్పుడు ముట్టుకోకుండా ఉంటే చాలని సాబెరా చెప్పింది.

లిడియా పోయాక మహమూద్ పేపరు మడిచి పక్కన పెట్టి, సందు వైపు తిరిగి కూర్చున్నాడు. తనకు తెలియని పని ఈ షాపులో జరగడం ఆయన చూడటం అదే మొదలు. ఆయన నొచ్చుకున్నాడని సాబెరాకు అర్థమైంది. అయినా తాను చేసినదానికి లోపల సంతోషంగానే ఉంది, ఆ సంతోషాన్ని ఆమె దాచుకోలేదు కూడా. చాయ్ తెప్పించింది.

చాయ్ తాగుతూ మహమూద్ అడిగాడు, "ఆ రెండు బటన్లు ఎందుకు పట్టుకున్నవు?"

సాబెరా స్టూలు ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.