ఊడ్చిన నేల

దమ్మపేట దాటాక అడవిలో టెంటు వేసుకోవడానికి అంత శుభ్రమైన చోటు దొరకడం నా అదృష్టమనుకున్నాను. ఇప్పచెట్టు కింద నేలంతా ఎవరో ఊడ్చినట్టు నున్నగా ఉంది. ఎండుటాకులు లేవు కాబట్టి పాముల భయం కూడా ఉండదని అక్కడే పడుకున్నాను.

తెల్లవారుతుండగా చప్పుడైతే బయటికొచ్చాను. చీపురు, గంప పక్కన పెట్టి ఒక పెద్దామె నా టెంటు మీద రాలిన ఇప్పపూలు ఏరుతోంది.

"ఈ జాగా మీదా అమ్మా?"

"జాగా ఫారెస్టోళ్లది సారూ. చెట్టు నా బిడ్డది. మా ఇంట్ల పిల్లలకు తలా ఒక చెట్టు పంచిస్తం."

"మరి ఆమె రాలేదా?"

"పోయిన వానకాలంల జరమొచ్చింది. దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయింది. కింద ఊడ్వకుంటే చెట్టుకు మనుషులు లేరనుకుంటరు. అందుకే నేనొచ్చి ఊడుస్తున్న."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గబగబా టెంటు పీకేశాను. చుట్టూ నేలంతా పూలే. నేను పడుకున్న మేర మాత్రం ఒక్క పువ్వు కూడా లేదు.

"ఉండనియ్ సారూ" అంటూ ఆమె చీపురు తీసుకుని, ముందు ఆ ఖాళీనే ఊడ్చింది.